పెదవులకు చలికాలపు లేపనం

పిల్లలూ! ప, ఫ, బ, భ, మ - ఈ అయిదు అక్షరాలను పెదవులు కలపకుండా పలకండి, చూద్దాం. పలకలేరు. అందుకే వీటికి ఓష్ఠ్యాలని పేరు. ఓష్ఠమంటే పెదవి. ఒక డిసెంబరులో మా శనివారపు తెలుగు తరగతిలో ఒక అబ్బాయి పాఠం చదువుతూ 'పాప' అనే మాట దగ్గర ఆగిపోయాడు. అక్షరం రాక కాదు. కింది పెదవి చీలి నెత్తురు వచ్చింది. అంతకుముందు వారం రోజులుగా వాడు పెదవిని నాకుతూనే ఉన్నాడు.

నాకితే పెదవి తడుస్తుంది గదా, మంచిదే కదా అని మీరనవచ్చు. ఆ తడి నిమిషంలో ఆరిపోతుంది. ఆరుతూ పెదవిలో ఉన్న తేమను కూడా తీసుకుపోతుంది. పైగా లాలాజలం అన్నాన్ని అరిగించే రసం. పగిలిన చర్మం మీద అది మంట పుట్టిస్తుంది. మన ఒంటి చర్మంలో చాలా చోట్ల చిన్న చిన్న నూనె గ్రంథులుండి చర్మాన్ని ఎండిపోకుండా కాపాడతాయి. పెదవుల ఎర్రని భాగంలో అవి దాదాపు లేవు. అక్కడి పైచర్మం కూడా బాగా పలుచన. ఇంగ్లండు చలిగాలిలో నీటి ఆవిరి తక్కువ. ఆ గాలే ఇంట్లోకి వచ్చి రేడియేటరు దగ్గర వేడెక్కితే ఇంకా పొడిబారి, దొరికిన చోటల్లా తేమను పీల్చుకుంటుంది.

మన ఊళ్ళలో అమ్మమ్మలు చలికాలం వస్తే పెదవులకు వెన్నో, నెయ్యో, కొబ్బరినూనో రాస్తారు. పద్ధతి మంచిదే. కాని నూనె ఒక్కటే అయితే నాలుగు మాటలు మాట్లాడేసరికి జారిపోతుంది. దానిని పట్టి నిలిపేది తేనెమైనం. తేనెటీగ తన పొట్ట అడుగున ఉన్న గ్రంథుల నుండి పలుచని రేకులుగా ఈ మైనాన్ని స్రవించి, నమిలి మెత్తచేసి, పట్టు కడుతుంది. ఇది కరగాలంటే 62 నుండి 64 డిగ్రీల వేడి కావాలి. కొబ్బరినూనె 25 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కోస్తా జిల్లాలలో డిసెంబరు ఉదయాన సీసాలో పేరుకుంటే ఎండలో పెట్టి కరిగిస్తారు. ఇక్కడ మన వంటింట్లో అది ఏడాదిలో ఎక్కువ రోజులు గడ్డగానే ఉంటుంది. ఆముదం మాత్రం ఈ చలికి గడ్డకట్టదు, జిగటగా అంటుకుని ఉంటుంది. ఈ మూడింటినీ కలిపితే డబ్బీలో గట్టిగా ఉండి, వేలు తగలగానే మెత్తబడే లేపనం తయారవుతుంది. దుకాణాలలో లిప్ బామ్ అని అమ్మేది ఇటువంటిదే.

తేనెమైనం 10 గ్రాములు, కొబ్బరినూనె 20 గ్రాములు, ఆముదం 15 గ్రాములు తూచుకోండి. 5 గ్రాముల డబ్బీలు తొమ్మిది నిండుతాయి. పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకునే పొయ్యి వెలిగించాలి. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు, అంటుకుంటుంది. వెడల్పు గిన్నెలో నీళ్ళు కాచి, అందులో చిన్న గిన్నె నిలబెట్టి మూడింటినీ కరిగించండి. చుక్క నీరు కూడా లోపల పడనీయవద్దు. నీరు చేరితే బూజు పడుతుంది. డబ్బీలు కూడా పొడిగా తుడిచి ఉండాలి.

సరిగా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది? అరిసెలు వండేటప్పుడు అమ్మ పాకం చుక్కను నీళ్ళలో వేసి చూడటం మీకు తెలుసు. ఇక్కడ చుక్కను చల్లని పళ్ళెం మీద వేయాలి. గట్టిగా ఉంటే కొంచెం ఆముదం, మరీ మెత్తగా ఉంటే కొంచెం మైనం.

ఇక సువాసన. కమలాపండు తొక్కను మడిచి నొక్కితే సన్నని తుంపర చిమ్ముతుంది. పక్కవాడి కళ్ళ దగ్గర నొక్కి ఏడిపించే కొంటెపిల్లలు ఏ దేశంలోనైనా ఉన్నారు. ఆ తుంపరే నారింజ నూనె. పుదీనా, లావెండరు నూనెలను ఆవిరి పట్టించి తీస్తారు. ఇవి వేడికి ఎగిరిపోతాయి కనుక, పాయసంలో ఏలకుల పొడి వేసినట్లు, గిన్నె దించిన తరువాత చివర వేయాలి. పైన చెప్పిన కొలతకు 5 చుక్కలు చాలు. నేను మొదటిసారి చేసినప్పుడు, వాసన ఘుమఘుమలాడాలని పుదీనా నూనె 20 చుక్కలు వేశాను. రాసుకున్న మా అత్తగారు అరగంట సేపు నోరు తెరిచి గాలి పీలుస్తూ కూర్చున్నారు. నీళ్ళతో ఎంత కడిగినా మంట తగ్గలేదు. నూనె నీటిలో కలవదు గదా! చివరకు వంటనూనె రాసి తుడిస్తే తగ్గింది. లవంగ, దాల్చిన చెక్క నూనెలు ఇంకా ఘాటు, పెదవులకు వద్దు. నిమ్మ నూనె రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కందవచ్చు. పసిపిల్లల ముక్కు దగ్గర పుదీనా నూనె వాసన వారి ఊపిరికే ప్రమాదం. చెల్లాయో తమ్ముడో ఉయ్యాలలో ఉన్న ఇంటికి ఇచ్చే డబ్బీలో వాసన వేయకపోవడమే నయం.

డబ్బీలలో పోసి కదపకుండా గంటసేపు ఉంచండి. ఎవరికి ఇవ్వాలో మీకే తెలుసు. బడి ముందు చలిలో నిలబడి మిమ్మల్ని రోడ్డు దాటించేవారు, విజయవాడ నుండి కొత్తగా వచ్చి ఈ చలికి బెదిరిపోయిన నాయనమ్మ - ఇటువంటి వారిని మరచిపోవద్దు. ఒకరి డబ్బీలో మరొకరు వేలు పెట్టరాదు కనుక మనిషికొకటి ఇవ్వండి. మూత మీద చేసిన తేదీ, వేసిన వస్తువులన్నీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. ఏదైనా పడనివారు చదివి జాగ్రత్తపడతారు. తేనెటీగల నుండి వచ్చినదేదీ వాడని స్నేహితులుంటే, వారికి కాండెలిల్లా అనే చెట్టుమైనంతో చేయవచ్చు. అది ఎక్కువ గట్టిది, సగం చాలు. బడి సంతలో అమ్ముదామని మాత్రం అనుకోవద్దు. ఈ దేశంలో ఇటువంటివి అమ్మాలంటే ముందు నిపుణుల పరీక్ష కావాలని చట్టం ఉంది.

గిన్నెను వేడి ఆరకముందే కాగితంతో తుడిచేయండి. మిగిలినది సింకులో పోస్తే మైనం గొట్టంలో గడ్డకడుతుంది. దాని సంగతి మా ఇంట్లో ఇప్పటికీ నాకు గుర్తుచేస్తూ ఉంటారు.