ల్యాప్‌టాప్ బ్యాటరీ చూపు శాతము: దానిని ఎంతవరకు నమ్మవలెను?

మన సంఘములలో జమాఖర్చులు, జి.ఎస్.టి. బిల్లులు, జాకార్డు డిజైనులు ఇప్పుడు చాలవరకు ల్యాప్‌టాప్ మీదనే సాగుచున్నవి. షోలాపురములోనైనను, కంచిలోనైనను, బరంపురములోనైనను మన సభ్యుల ఇండ్లలో మగ్గము ప్రక్కనే ఈ యంత్రము కూడ ఒకటి చేరినది. దానితోపాటు ఒక తగవు కూడ చేరినది. "బ్యాటరీ 38 శాతము చూపుచుండగనే యంత్రము ఆరిపోయినది" అని ఒకరు, "రాత్రి అంతయు తగిలించి ఉంచినను 80 దాటుట లేదు" అని ఒకరు, "బ్యాటరీ మార్చుకొనుడని హెచ్చరిక వచ్చినది, ఏమి చేయుదుము?" అని మరియొకరు మమ్ము అడుగుచున్నారు. దుకాణమునకు తీసుకొనిపోయినచో వచ్చు జవాబు తరచుగా ఒక్కటే: కొత్తది వేయించుకొనుడు. ఆ మాట ఒక్కొక్కప్పుడు నిజము, ఒక్కొక్కప్పుడు కాదు. వేల రూపాయలు చెల్లించుటకు ముందు ఏది నిజమో మనమే ఇంటివద్ద అరగంటలో తేల్చుకొనవచ్చును.

ముందు ఆ శాతము ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలియవలెను. నూనె డబ్బాలో పుల్ల ముంచి చూచినట్లు బ్యాటరీలో ఎంత మిగిలినదో చూచు సాధనము లేదు. ఇప్పటి ల్యాప్‌టాపులలో ఉండునవి లిథియమ్-అయాన్ సెల్లులు. ఒక్కొక్క సెల్లు నిండుగా ఉన్నప్పుడు సుమారు 4.2 వోల్టులు, ఖాళీ అగుసరికి సుమారు 3 వోల్టులు ఉండును. ఈ దిగుట సమముగా ఉండినచో చిక్కే లేదు. వోల్టులు చూచి శాతము చెప్పవచ్చును. కాని నడుమ చాలా దూరము 3.6కు, 3.8కు మధ్యనే నడచి, చివరకు ఒక్కసారిగా జారును. 60 శాతమునకు, 40 శాతమునకు వోల్టులలో తేడా బహు స్వల్పము.

కావున బ్యాటరీ లోపల అమర్చిన చిన్న చిప్పు ఒకటి పద్దు వ్రాయుచుండును. లోనికి వచ్చినది ఇంత, బయటికి పోయినది ఇంత, నిలువ ఇంత. మన నూలు గిడ్డంగి స్టాకు రిజిస్టరు ఎట్టిదో ఇదియు అట్టిదే. రిజిస్టరులో 40 కట్టలు అని ఉన్నను గిడ్డంగిలో 37 ఉండవచ్చును. ఎవరును దొంగిలింపలేదు, తూకములో కొంత, వ్రాతలో కొంత తేడా పేరుకొనును. అందుకే సంవత్సరాంతమున కట్టలు ఎత్తి లెక్కించి రిజిస్టరు సరిచేయుదుము. చిప్పుకు అట్టి తనిఖీ ముఖ్యముగా రెండు చోట్లనే దొరకును: బ్యాటరీ పూర్తిగా నిండినప్పుడు, దాదాపు ఖాళీ అయినప్పుడు. మన కార్యాలయములలో యంత్రము ఎల్లప్పుడును కరెంటుకు తగిలించియే ఉండును గదా! నెలల తరబడి ఖాళీ అంచు చూడని చిప్పు పాత రిజిస్టరునే పట్టుకొని కూర్చుండును. ఈలోపల బ్యాటరీ పట్టు మొత్తమే వయసుతో తగ్గిపోవును. చిప్పు ఇంకను 100 కట్టల గిడ్డంగి అనుకొనుచుండగా, అది 70 కట్టల గిడ్డంగి అయి ఉండును. 38 శాతము వద్ద ఆరిపోవుటకు ఇది మొదటి కారణము.

రెండవ కారణము వేరు. బ్యాటరీలో మూడు, నాలుగు సెల్లులు వరుసగా కలుపబడి ఉండును. వానిలో ఒకటి బలహీనమైనచో, మిగిలినవానిలో సత్తువ ఉన్నను ఆ ఒక్కటి అడుగంటగనే రక్షణ కొరకు చిప్పు మొత్తమును ఆపివేయును. అదిగాక పాతబడిన సెల్లులో లోపలి నిరోధము పెరుగును. తేలిక పని చేయుచున్నంతసేపు సరిగా ఉండి, పెద్ద డిజైను తెరువగనే, ప్రింటు ఇయ్యగనే వోల్టులు కుంగి యంత్రము ఆరిపోవును. ఇది పద్దు తప్పు కాదు, సరుకే చెడినది.

ఈ రెంటిని ఎట్లు వేరుపరచుట? విండోస్ ఉన్న యంత్రములలో దీనికి ఒక నివేదిక ఉచితముగా లభించును. స్టార్టు బటను నొక్కి సి, ఎం, డి అను మూడు ఇంగ్లీషు అక్షరములు కొట్టినచో కమాండ్ ప్రాంప్ట్ అను నల్లని కిటికీ వచ్చును. అందులో "పవర్‌సిఎఫ్‌జి" అని (పి, ఓ, డబ్ల్యు, ఇ, ఆర్, సి, ఎఫ్, జి), తరువాత ఒక ఖాళీ విడిచి, ముందునకు వాలిన గీత ఒకటి పెట్టి, దానికి ఆనించి "బ్యాటరీరిపోర్ట్" అను మాటను నడుమ ఖాళీ లేకుండ ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కవలెను. నివేదిక ఏ ఫోల్డరులో ఉంచబడినదో అక్కడనే చెప్పును. దానిని తెరచినచో బ్రౌజరులో కనబడును. పిల్లలు చదువుకొనుచున్న ఇంట ఈ పని వారికి అప్పగించినను జరుగును.

ఆ నివేదికలో మనకు కావలసినవి రెండు అంకెలు. "డిజైన్ కెపాసిటీ" అనగా కొత్తలో పట్టవలసినది. "ఫుల్ ఛార్జ్ కెపాసిటీ" అనగా ఇప్పుడు పట్టుచున్నదని చిప్పు చెప్పుచున్నది. రెండును మిల్లీవాట్-అవర్లలో ఉండును. రెండవదానిని 100చే గుణించి మొదటిదానిచే భాగింపవలెను. ఉదాహరణకు డిజైన్ 45,000, ఫుల్ ఛార్జ్ 40,500 అయినచో 90 శాతము. బ్యాటరీ బాగుగనే ఉన్నదన్నమాట. అదే 45,000కు 20,250 మాత్రమే ఉన్నచో 45 శాతము. సగము పైగా అరిగినది. అట్టిదానికి మార్పిడి హెచ్చరిక వచ్చుట న్యాయమే, దుకాణదారుని తప్పు పట్టరాదు. మా అభిప్రాయములో 80కి పైన ఉన్నదానిని మార్చుట దండుగ. 50కి దిగినదానిని లాగుట కూడ దండుగ. నడుమ ఉన్నవాని సంగతి మీ పనినిబట్టి, మీ ఊరి కరెంటునుబట్టి నిర్ణయించుకొనవలెను.

ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. నాలుగేండ్లు వాడిన యంత్రములో రెండు అంకెలును సరిసమానముగా కనబడినచో సంతోషింపరాదు, అనుమానింపవలెను. అంత కాలము వాడిన బ్యాటరీ ఏమియు అరుగకుండుట లేదు. చిప్పు చాలా కాలముగా అసలు తనిఖీయే చేయలేదని దాని అర్థము. "సైకిల్ కౌంట్" అను వరుసలో ఎన్ని నిండు ఛార్జీలు వాడితిమో ఉండును. కొన్ని కంపెనీల యంత్రములలో ఆ గడి ఖాళీగానో, సున్నగానో ఉండును. దానికి బెంగపడ నక్కరలేదు.

మా సంఘములోని ఒక డిజైనరు నాలుగు రోజులు కూర్చుండి వేసిన చీర అంచు, గ్రాఫు నింపుట చివరికి వచ్చుసరికి, 36 శాతము వద్ద యంత్రము ఆరిపోయి అంతయు పోయినది. ఫైలు మధ్యమధ్య భద్రపరచుకొనలేదు. 36 అని కన్నులకు కనబడుచుండగా ఎవరు మాత్రము తొందరపడుదురు? ఊరిలోని ఒక దుకాణమున కొత్త బ్యాటరీ అనిరి. నివేదిక తీసి చూడగా 87 శాతము పట్టు ఉన్నది. క్రింద చెప్పు తనిఖీ ఒకసారి చేయించితిమి. ఆ యంత్రము నేటికిని అదే బ్యాటరీతో నడుచుచున్నది. పోయిన అంచు మాత్రము మరల వేయవలసి వచ్చినది, ఆ నాలుగు రోజుల కూలి ఎవరును ఇయ్యలేదు.

తనిఖీ చేయు విధము

మొదట ఫైలులన్నియు పెన్‌డ్రైవులో మరియొక ప్రతి తీసి ఉంచుడు. యంత్రమును 100 శాతమువరకు ఛార్జి చేసి, నిండిన తరువాత కూడ గంట, రెండు గంటలు తగిలించియే ఉంచవలెను. పవర్ సెట్టింగులలో బ్యాటరీ మీద ఉన్నప్పుడు యంత్రము నిద్రపోకుండ చేసి, తీగ తీసివేసి, ఏదైనను తేలిక పని పెట్టవలెను. పాటలు పెట్టినను చాలును. ముఖ్యమైన పని ఏదియు అప్పుడు చేయరాదు. హెచ్చరిక వచ్చినను తగిలింపక, దానంతట అది ఆగువరకు విడువవలెను. ఆగిన తరువాత రెండు మూడు గంటలు చల్లబడనిచ్చి, నడుమ ఆపకుండ మరల 100 వరకు ఛార్జి చేయవలెను. నిద్ర సెట్టింగును యథాస్థితికి తెచ్చుట మరువరాదు. ఒకసారికి కుదురకున్నచో రెండవమారు చేయవచ్చును.

దీనిని ప్రతి వారమును వ్రతమువలె చేయువారు కొందరు ఉన్నారు. పూర్వపు నికెల్-కాడ్మియమ్ బ్యాటరీలకు అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీ చేయుట మంచిదనెడివారు. ఆ అలవాటు ఇంకను పోలేదు. లిథియమ్ సెల్లునకు పూర్తిగా ఖాళీ అగుట అరుగుదలయే. లెక్క తప్పినప్పుడు మాత్రమే చేయవలెను, లేదా రెండు మూడు నెలలకు ఒకసారి చాలును.

తనిఖీ చేసినను 25 శాతము వద్ద ఆరిపోవుచున్నచో సెల్లు చెడినట్లే. కొత్తది కొనులోపల పని నష్టపోకుండుటకు ఒక ఉపాయమున్నది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్లకు పోయి, అడ్వాన్స్‌డ్ సెట్టింగులలో బ్యాటరీ అను చోట చూచినచో "క్రిటికల్" మట్టము సాధారణముగా 5 అని, "లో" మట్టము 10 అని ఉండును. క్రిటికల్ మట్టమును 30కి, లో మట్టమును 35కి పెంచి, క్రిటికల్ చర్యగా "హైబర్నేట్" పెట్టవలెను. హైబర్నేట్ అనగా తెరచియున్న పని అంతయు డిస్కులో వ్రాసికొని ఆగుట. తరువాత కరెంటు లేకపోయినను అది చెదరదు. "స్లీప్" అట్టిది కాదు, దానికి బ్యాటరీలో కొంత మిగిలి ఉండవలెను.

తప్పు కానివి, తప్పువలె కనబడునవి

"ఇంకను 4 గంటలు" అని చూపి, పది నిమిషములకే "1 గంట 30 నిమిషములు" అనుట తప్పు కాదు. నిలువ 36 వాట్-అవర్లు ఉండి, యంత్రము 9 వాట్లు తినుచున్నచో 4 గంటలు. డిజైను సాఫ్ట్‌వేరు తెరువగనే 24 వాట్లు తినసాగినచో గంటన్నర. ఈ క్షణపు ఖర్చునుబట్టి వేసిన అంచనా మాత్రమే అది. గంటలను విడిచి శాతమునే చూచుట మేలు.

80 వద్ద, లేక 60 వద్ద ఆగిపోవుట చాలా యంత్రములలో కంపెనీవారు కావలెనని పెట్టిన ఏర్పాటు. ఎల్లప్పుడును నిండుగా ఉండుట సెల్లునకు మంచిది కాదు గనుక, తగిలించియే ఉంచు యంత్రములకు ఇది మేలు చేయును. కంపెనీవారి బ్యాటరీ సెట్టింగులలోనో, బయోస్‌లోనో దానిని తీసివేయవచ్చును. కార్యాలయపు యంత్రమైనచో తీయవద్దనియే మేము చెప్పుదుము. ప్రదర్శనలకు, సంతలకు తీసుకొనిపోవు యంత్రమైనచో ముందు రోజు తీసి 100 నింపుకొనవచ్చును.

"తగిలించబడినది, ఛార్జి అగుట లేదు" అను మాటకు ఇంకొక కారణము ఛార్జరు. 65 వాట్లు కోరు యంత్రమునకు సెల్‌ఫోను 18 వాట్ల ఛార్జరు తగిలించినచో అది చాలదు. కొన్ని కంపెనీల ఛార్జరులలో తామెవరో యంత్రమునకు తెలుపు సన్నని సూది ఒకటి నడుమ ఉండును. అది వంగినను, విరిగినను యంత్రము నడుచును గాని ఛార్జి ఎక్కదు. బ్యాటరీ కొనుటకు ముందు ఇరుగుపొరుగువారి అదే రకపు ఛార్జరు ఒకసారి తగిలించి చూడుడు.

ఇవేవియు కానిచో యంత్రము ఆపి, ఛార్జరు తీసి, పవర్ బటను 30 సెకనులు నొక్కి పట్టి, మరల తగిలించి చూడవలెను. ఇంకను మారకున్నచో డివైస్ మేనేజరులో "బ్యాటరీస్" అను శీర్షిక క్రింద ఎ.సి.పి.ఐ. బ్యాటరీ అని ఉన్నదానిని తీసివేసి యంత్రమును తిరిగి ప్రారంభింపవలెను. విండోస్ దానిని తానే తిరిగి చేర్చుకొనును. ప్రక్కనున్న వేరొక దానిని తాకరాదు. బయోస్ కొత్తది వేయుట కూడ ఒక్కొక్కప్పుడు పనిచేయును గాని, నడుమ కరెంటు పోయినచో అసలుకే మోసము. మధ్యాహ్నపు కోతలున్న ఊరిలో ఆ పని సర్వీసువారికి విడుచుట మంచిది.

ఇక ప్రమాదకరమైనది. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినను, మూత సరిగా మూసుకొనకున్నను, అడుగు పలక వంకర తిరిగినను లోపల బ్యాటరీ పొంగుచున్నదని తెలియవలెను. అప్పుడు శాతము ఎంత చూపినను ఒక్కటే. తనిఖీ చేయరాదు, ఛార్జి పెట్టరాదు, నొక్కరాదు, గుచ్చరాదు. యంత్రమును ఆపి, నూలు, పట్టు, అద్దకపు మందులు లేని చోట గచ్చుమీద ఉంచి సర్వీసువారిని పిలువవలెను. లిథియమ్ మంట అంటుకొన్నచో పడుగు కట్టిన మగ్గమున్న ఇంటిలో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. పొంగుటకు వేడి ఒక పెద్ద కారణము. మన ఇండ్లలో దూది రేగి గాలి రంధ్రములలో చిక్కుకొని లోపలి పంకా మూసుకొనిపోవును. నెలకొకసారి యంత్రము ఆపి మెత్తని బ్రష్‌తో ఆ రంధ్రములు తుడువవలెను. నూలు చిలపల మీద, పరుపు మీద పెట్టి పని చేయరాదు.

కొత్త బ్యాటరీ కొనవలసివచ్చినచో పాతదాని మీది వోల్టులు, వాట్-అవర్లు వ్రాసికొని పోవలెను. వాట్-అవర్లు లేకున్నచో వోల్టులను ఆంపియర్-అవర్లచే గుణించినచో వచ్చును: 11.4 వోల్టులు, 3.6 ఆంపియర్-అవర్లు అయినచో సుమారు 41. ఐ.ఎస్. 16046 అను ప్రమాణపు గుర్తు ఉన్నదా లేదా చూడవలెను. చవుక నకళ్లలో చిప్పే అబద్ధమాడును; అట్టిదానికి ఎన్ని తనిఖీలు చేసినను లెక్క కుదరదు. వేయించిన దినముననే పై నివేదిక ఒకటి తీసి, రశీదుతో కలిపి దాచుడు. వారంటీ లోపల పట్టు పడిపోయినచో చూపుటకు అదియే ఆధారము. పాత బ్యాటరీని చెత్తలో వేయక, కాల్చక, పాత సామానులవానికి ఇయ్యక దుకాణమునందో, కంపెనీ సర్వీసు కేంద్రమునందో ఇచ్చివేయవలెను. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము తిరిగి సేకరించు బాధ్యత ఉత్పత్తిదారులదే.