చత్వారానికి చక్కని చట్రం

నలభై ఏళ్లు దాటాక మనిషికి చేతుల పొడవు చాలదు. దినపత్రికను, మందుల పెట్టెను, ఫోనును రోజురోజుకూ కాస్త దూరంగా పట్టుకోవలసి వస్తుంది. సూదిలో దారం ఎక్కించడానికి పిల్లలను పిలవవలసి వస్తుంది. బియ్యంలో రాళ్లు ఏరడానికి కిటికీ దగ్గరి వెలుతురు కావాలి. తెలుగులో దీనిని చత్వారం అంటారు, చాలీసు అని కూడా అంటారు. మొదటి మాట సంస్కృతం నుంచి, రెండవది ఉర్దూ నుంచి వచ్చింది. రెండింటి మూలంలో ఉన్నది మాత్రం నలభై అన్న సంఖ్యే. వయసుతో పాటు కంటిలోని కటకం సాగే గుణాన్ని క్రమంగా కోల్పోతుంది. దగ్గరి వస్తువుపై దృష్టి నిలపాలంటే ఆ కటకం ఉబ్బెత్తుగా మారాలి. అది మారలేనప్పుడు అక్షరాలు అలుక్కుపోయినట్లు కనిపిస్తాయి. ఇది వ్యాధి కాదు, జుట్టు నెరవడం వంటి సహజ పరిణామం. అందుకు పరిష్కారం కూడా సులభమైనదే.

అయినా ఎందరో ఆ పరిష్కారాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు. కళ్లద్దాలు పెట్టుకుంటే వయసు బయటపడుతుందన్న సంకోచం కొందరిది. ముఖానికి నప్పవన్న బెంగ మరికొందరిది. కొని తెచ్చి సొరుగులో దాచేవారు ఇంకొందరు. ఈ సంకోచాన్ని వాదనతో పోగొట్టడం కష్టం. ముఖానికి ఒదిగే, చూడముచ్చటైన కళ్లజోడును ఎంచుకుంటే అది దానంతట అదే పోతుంది.

వాయిదాకు చెల్లించే మూల్యం

దగ్గరిచూపు మందగిస్తే నష్టపోయేది చదువు ఒక్కటే కాదు. అసోం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కార్మికులపై ఒక అధ్యయనం జరిగింది. దాని ఫలితాలు 2018లో వెలువడ్డాయి. వెంటనే కళ్లద్దాలు పొందినవారి ఉత్పాదకత, అప్పటికి పొందనివారితో పోలిస్తే సుమారు 22 శాతం అధికంగా పెరిగింది. బంగ్లాదేశ్ గ్రామాల్లో 35 నుంచి 65 ఏళ్ల మధ్య వయస్కులపై జరిగిన మరో అధ్యయనం 2024లో ప్రచురితమైంది. చదువుకునే అద్దాలు అందుకున్నవారి ఆదాయం ఎనిమిది నెలల్లో దాదాపు మూడోవంతు అధికమైందని అది తేల్చింది. కుట్టుపని, జర్దోసీ, మగ్గం పనులతో సంసారాన్ని నిలబెడుతున్న మహిళలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. వారికి ఈ అంకెల భావం విడమరచి చెప్పనక్కరలేదు.

జీవనోపాధిని మించిన నష్టం కూడా ఉంది. ఎన్నో ఏళ్లుగా ప్రతి ఉదయం ఖుర్ఆన్ తిలావత్ చేసే గృహిణి, అక్షరాలపై చుక్కలూ స్వరచిహ్నాలూ కనిపించక క్రమంగా చదవడం తగ్గిస్తుంది. తనలో శ్రద్ధ సన్నగిల్లిందేమోనని లోలోపల కుమిలిపోతుంది. కొరవడింది శ్రద్ధ కాదు, ఒకటో ఒకటిన్నరో నంబరు అద్దం.

అందం కోరడం తప్పా?

అవసరానికి కొనే వస్తువులో సొగసు వెదకడం ఆడంబరమని కొందరు పెద్దలు భావిస్తారు. మంచి దుస్తులు, మంచి పాదరక్షలు ఇష్టపడటం అహంకారమవుతుందా అని అడిగిన వ్యక్తికి, అల్లాహ్ సౌందర్యాన్ని ఇష్టపడతాడనీ, సత్యాన్ని తిరస్కరించడం, సాటి మనుషులను చులకన చేయడమే అహంకారమనీ దైవప్రవక్త (సల్లం) బోధించారు. ఆరాధనా సమయంలో అలంకరణను పాటించమని ఆదేశించిన ఖుర్ఆన్ వాక్యమే (7:31) దుబారాను వారించింది. పొందికైన కళ్లజోడు ఈ రెండింటి నడుమ చక్కగా ఇముడుతుంది.

పైగా కళ్లద్దాలు మన సంస్కృతికి పరాయివి కావు. బస్రాలో జన్మించి కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైసమ్ పదకొండవ శతాబ్దంలో ‘కితాబుల్ మనాజిర్’ రచించాడు. వస్తువుల నుంచి వచ్చే కాంతి కంటిని చేరడం వల్లనే మనం చూడగలుగుతున్నామని అందులో నిరూపించాడు. ఆ గ్రంథం లాటిన్‌లోకి అనువాదమై ఐరోపా దృష్టిశాస్త్రానికి పునాది వేసింది. పదమూడవ శతాబ్దం చివర ఇటలీలో తొలి కళ్లద్దాలు తయారయ్యాయి. పదిహేనవ శతాబ్దపు హెరాత్ మహాకవి జామీ, వార్ధక్యంలో తన చూపుకు ఫిరంగీ గాజు తోడైన సంగతిని తన కావ్యంలో ప్రస్తావించాడు. ఇస్ఫహాన్ చిత్రకారుడు ముయీన్ ముసవ్విర్ తన గురువు రజా అబ్బాసీని ముక్కుపై కళ్లద్దాలతోనే చిత్రించాడు. 1673లో పూర్తయిన ఆ చిత్రంలోని అద్దాలు గురువు పాండిత్యానికి, పనితనానికి శోభగానే కనిపిస్తాయి.

ముందు నంబరు, తర్వాత సొగసు

ఫ్రేము ఎంపికకు ముందు కంటిపరీక్ష తప్పనిసరి. బజారులో దొరికే తయారు అద్దాల్లో రెండు కళ్లకూ ఒకే నంబరు ఉంటుంది, సిలిండర్ నంబరు ఉండదు. మనలో అనేకులకు రెండు కళ్ల నంబర్లు ఒకటి కావు. మధుమేహం, నీటికాసులు వంటివి చాలాకాలం ఏ బాధా కలిగించకుండానే చూపును దెబ్బతీస్తాయి. పరీక్షకు వెళ్లినప్పుడే అవి బయటపడే అవకాశం ఉంది. మధుమేహం ఉన్నవారు చక్కెర అదుపులో ఉన్నప్పుడు పరీక్ష చేయించుకోవాలి. చక్కెర హెచ్చుతగ్గులతో నంబరు కూడా మారుతుంది.

మీరు ఎంత దూరంలో పెట్టుకుని చదువుతారో వైద్యునికి చెప్పడం మరవకండి. చేతిలోని పుస్తకం సాధారణంగా 35–40 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. నేలపై కూర్చుని రెహల్ మీద ముస్‌హఫ్ పెట్టుకుంటే ఆ దూరం ఇంకా పెరుగుతుంది. కంప్యూటర్ తెర అంతకన్నా దూరం. దూరపుచూపు సరిగా ఉన్న అరవై దాటినవారికి 2.50 నంబరు అద్దంతో 40 సెంటీమీటర్ల వద్ద, 2.00 నంబరుతో 50 సెంటీమీటర్ల వద్ద అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. చేతిలో పుస్తకానికి సరిపోయిన అద్దం రెహల్ వద్ద మసకగా తోచడానికి కారణం ఇదే.

ముఖానికి తగిన ఫ్రేము

ఫ్రేము కాడ లోపలి వైపు సన్నని అంకెలు ముద్రించి ఉంటాయి. ఉదాహరణకు 52, 18, 140 అని ఉంటే ఒక్కో అద్దం వెడల్పు 52 మిల్లీమీటర్లు, ముక్కుపై నిలిచే వంతెన 18, కాడ పొడవు 140 అని అర్థం. మీకు హాయిగా ఉన్న పాత కళ్లజోడు అంకెలను రాసుకుని వెళితే సగం వెదుకులాట తప్పుతుంది.

ఫ్రేము వెడల్పు ముఖం వెడల్పుతో సమంగా ఉండాలి. కనుపాపలు అద్దం మధ్యభాగానికి దగ్గరగా రావాలి. నవ్వినప్పుడు చట్రం బుగ్గలకు తగిలి పైకి లేస్తే అది మీది కాదు. గుండ్రని ముఖానికి కోణాలు తేలిన చట్రం, పలకల దవడకు గుండ్రని లేదా కోడిగుడ్డు ఆకారపు చట్రం నప్పుతాయి. పొడవాటి ముఖానికి నిలువు ఎక్కువ ఉన్న అద్దాలు నిండుదనం ఇస్తాయి. వెడల్పాటి నుదురు, సన్నని గడ్డం ఉన్నవారికి కింది అంచు పలుచగా లేదా అంచు లేకుండా ఉన్నవి బాగుంటాయి. ఇవి దారి చూపే సూచనలు మాత్రమే, తుది తీర్పు అద్దంలోని మీ ముఖానిదే.

గోధుమ, తేనె, తాబేటిచిప్ప, ముదురు ఎరుపు రంగులు మన మేనిఛాయలకు తరచు అందంగా అమరుతాయి. నెరిసిన జుట్టుకు, గడ్డానికి వెండి, బూడిద, ముదురు నీలం రంగులు హుందాతనాన్నిస్తాయి. లోహం పడక చర్మంపై దురద వచ్చేవారు నికెల్ కలిసిన ఫ్రేములను విడిచి టైటానియం లేదా అసిటేట్ ఎంచుకోవడం మేలు.

హిజాబ్, సజ్దా

హిజాబ్ ధరించే సోదరీమణులు కాడలను ప్రత్యేకంగా గమనించాలి. లావైన, రాళ్లు పొదిగిన కాడలు వస్త్రం కింద కణతలను నొక్కి తలనొప్పి తెస్తాయి. పైగా ఆ అలంకారమంతా వస్త్రం చాటునే ఉండిపోతుంది. సన్నగా, నిటారుగా ఉన్న కాడలైతే చుట్టిన తర్వాత కూడా సులభంగా లోపలికి జారుతాయి. దుకాణంలో హిజాబ్‌తోనే పెట్టి చూడండి. పూల స్కార్ఫులు ఎక్కువగా వాడేవారికి సాదా ఫ్రేము, ఏకరంగు స్కార్ఫులు వాడేవారికి కాస్త రంగున్న ఫ్రేము శోభనిస్తాయి. నిఖాబ్ ధరించేవారికి ఊపిరి ఆవిరి అద్దాలపై పేరుకోవడం నిత్యసమస్య. ముక్కు దగ్గర సర్దుకునే మెత్తలున్న ఫ్రేము అద్దాన్ని ముఖానికి కొంచెం ఎడంగా నిలుపుతుంది. నిఖాబ్ పై అంచును ఫ్రేము కింద అదిమి పెట్టుకుంటే ఆవిరి మరింత తగ్గుతుంది.

సజ్దాలో నుదురూ ముక్కూ నేలను తాకాలి. పెద్ద చట్రం అందుకు అడ్డుపడవచ్చు, వంగినప్పుడు జారి పడవచ్చు. అందుకే చదువుకునే అద్దాలను నమాజుకు ముందు తీసి పెట్టడం సులువైన మార్గం. అందుకు జేబులో ఒక గట్టి పెట్టె ఉండాలి. పురుషులకు బంగారు ఆభరణం నిషిద్ధం కనుక బంగారపు పూత ఉన్న ఫ్రేముల విషయంలో జాగ్రత్త వహించాలి. కేవలం బంగారు రంగుకూ, అసలు బంగారు పూతకూ తేడా ఉంది. కొనే ముందు దుకాణదారును అడగండి, సందేహం మిగిలితే పండితులను సంప్రదించండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

చట్రంపై ముద్రించిన పేరుకు వేలు వెచ్చించి అద్దం నాణ్యతలో పొదుపు చేయడం వివేకం కాదు. ప్రతిబింబాలను తగ్గించే పూత రాత్రి దీపాల కింద చదివేవారికి నిజంగా ఉపకరిస్తుంది. నీలికాంతిని అడ్డుకునే అద్దాల సంగతి వేరు. కంప్యూటర్ వాడేవారి కంటి అలసటను అవి తగ్గించకపోవచ్చని 2023లో అనేక పరిశోధనలను క్రోడీకరించిన సమీక్ష వెల్లడించింది. వాటికి అదనపు రుసుము చెల్లించేముందు ఆలోచించండి. ఒకే ఖరీదైన జత కంటే పారాయణానికి ఒకటి, వంటగదికో కుట్టుమిషనుకో ఒకటి చొప్పున మితమైన ధరలో రెండు జతలు కొనడం ఎక్కువ ప్రయోజనకరం. కొంగుతో, స్కార్ఫు అంచుతో తుడిస్తే ధూళి రాపిడికి అద్దంపై గీతలు పడతాయి. నీటితో కడిగి మెత్తని నూలుగుడ్డతో అద్దాలి.

కుటుంబ సభ్యుల బాధ్యత కూడా ఇందులో ఉంది. అమ్మీ ఫోనును దూరంగా పట్టుకోవడం చూసి పిల్లలు నవ్వవచ్చు. ఆ నవ్వు తర్వాత ఆమెను వెంటబెట్టుకుని కంటిపరీక్షకు తీసుకువెళ్లాలి. ఫ్రేములు చూసేటప్పుడు తొందరపెట్టక, నాలుగు రకాలు పెట్టి చూసుకోనివ్వాలి. తనకు నచ్చిన కళ్లజోడును ఎవరూ సొరుగులో దాచరు. చౌకగా కొని వాడకుండా మూలపడేసినదే అసలైన దుబారా. నచ్చి కొని, రోజూ ముక్కుపై నిలుపుకుని, దానితో నాలుగు పేజీలు చదివినవారికి ఆ సొమ్ము సార్థకమైనట్లే.