మరక పోవాలి, పచ్చబొట్టు ఉండాలి

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ఫొటోలు ఎక్కడుంటాయి? బీరువా అడుగున పట్టుచీర మడతల్లోనో, దేవుడి పటాల వెనకో! గోదావరి ఒడ్డువాళ్ళకైతే అవి మిగలడమే గొప్ప. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 53కి వస్తే మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో మళ్ళీ 71.3. పిల్లల్నీ బియ్యాన్నీ ఎత్తుకుని పరుగెత్తే వేళ ఫొటోలు ఎవరికి గుర్తుంటాయి?

మా అమ్మమ్మది ఒకే ఒక్క ఫొటో. 1986 వరదలో తడిసింది. నుదుటి నుంచి భుజం దాకా బురద చార, ఒక మూల ఊడిపోయింది. దాన్ని బాగుచెయ్యడానికే నేను ఫొటో ఎడిటింగ్ నేర్చుకున్నాను. ఖమ్మంలో మా ఇంట్లో, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, ఇంటర్ చదివే మా అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని!

ఫొటోషాప్ 1990లో వచ్చింది. దానికి డబ్బు కట్టాలి. 1996లో వచ్చిన 'గింప్' మాత్రం ఉచితం. తెరవగానే కనిపించే బొమ్మలూ గుర్తులూ చూసి కంగారు పడకండి. మొదట్లో నాలుగు విషయాలు తెలిస్తే చాలు.

ముందు ఫొటోని 600 డీపీఐలో స్కాన్ చేయించండి. ఫొటో అద్దానికి అతుక్కుపోతే పీకకండి, అద్దంతోనే స్కాన్ చేయించండి. ఆ ఫైలుని ముట్టుకోకుండా దాచి, నకలు మీదే పని చెయ్యండి. రెండోది లేయర్. చీర డిజైను దించుకునేటప్పుడు పైన ట్రేసింగ్ కాగితం పరుస్తాం చూడండి, అలా బొమ్మ మీద దాని నకలే ఇంకో పొరగా వేసుకోవాలి. పై పొర పాడైతే తీసేయొచ్చు. మూడోది క్లోన్. చిరుగు పడ్డచోట అదే బట్టలోది ముక్క తెచ్చి అతుకు వేసినట్టు, కంట్రోల్ నొక్కి బాగున్న చోట క్లిక్ చేసి, మరక మీద దిద్దాలి. హీల్ కూడా అంతే, కానీ అతుకు చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతుంది. నాలుగోది లెవెల్స్. వెలిసిన ఫొటోలో నలుపు తెలుపులు దీనితో తేరుకుంటాయి.

ఇవన్నీ చేతికి రావడానికి నాకు నెల పట్టింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. అమ్మమ్మ గడ్డం మీద చిన్న చుక్క. కంప్యూటరుకి బురద చుక్కా ఒకటే, మనిషి గుర్తూ ఒకటే. ముట్టుకోకముందే అమ్మకి ఫోన్ చేశాను.

"మరకేంటే! అది పచ్చబొట్టు. నా చిన్నప్పుడు దాన్నే వేలితో తడుముతూ నిద్రపోయేదాన్ని" అంది అమ్మ. ఆ మాట నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంతలో మా పిన్ని, "ఎట్లాగూ చేస్తున్నవు గదా, కాస్త తెల్లగ చెయ్యరాదే" అంది. చెయ్యొచ్చు, ఒక్క నిమిషం పని. కానీ ఎండలో నాట్లు వేసిన మనిషిని తెల్లగా చేస్తే ఆ మనిషి ఎవరు? ఇప్పుడు ఏఐతో ఒక్క నొక్కుకే పాత ముఖాన్ని కొత్తగా చేసేవి వచ్చాయి. చెరిగిన కన్ను స్థానంలో అది ఊహించిన కన్ను పెడుతుంది. అందంగానే ఉంటుంది. అమ్మమ్మ కన్ను మాత్రం కాదు.

అందుకే మౌసు పట్టేముందు ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. ఏది మరకో, ఏది పుట్టుమచ్చో, ఏ ముక్కుపుడక ఏ వైపు ఉండేదో వాళ్ళకే తెలుసు. నేను బురద చార తీసేశాను, పచ్చబొట్టు ఉంచాను. ఊడిన మూలలో ఏముండేదో ఎవరికీ గుర్తులేదు కాబట్టి దాన్ని ఖాళీగానే వదిలేశాను. మూడు కాపీలు తీయించి, వెనక అమ్మమ్మ పేరూ ఊరూ రాశాను. పిన్ని కాపీలోనూ అమ్మమ్మ చామనఛాయగానే ఉంది.