కత్తికి తగిన ఉక్కు

కోతల కాలమున కొడవలి మొండిబారినచో ఒక దినపు కూలి వృథా యగును. కొట్టుచుండగా కత్తి అంచు విరిగి యెగిరినచో కంటికే ముప్పు. కమ్మరి యెంత నేర్పరియైనను, పనికి తగిన ఉక్కు లేనిదే పదును నిలువదు.

ఇనుమునకు గట్టిపడు గుణము నిచ్చునది అందు కలసిన కర్బనము. కిటికీ చువ్వలకు వాడు మెత్తని ఉక్కులో ఇది సాధారణముగా నూటికి 0.25 పాళ్లకు మించదు. దానిని కాల్చి ముంచినను కత్తికి చాలినంత గట్టిపడదు. లారీ కమాను పట్టీలలో సుమారు 0.5 నుండి 0.6 పాళ్లుండును. ఈ ఉక్కు దెబ్బ కోర్చును గనుక కొడవళ్లకును, గొడ్డళ్లకును అనుకూలము. మంచి ఆకురాళ్లలో 1 పాలు, అంతకు మించియు నుండును. వీనితో చేసిన చిన్న కత్తుల పదును చిరకాలము నిలుచును గాని, గట్టి దెబ్బకు విరుగును.

నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో తయారైన ఉక్కు కొరకు పూర్వము పారశీక వర్తకులు వచ్చెడివారు. అధిక కర్బనము ఆ ఉక్కు విశేషము.

పాత లోహమును ముందుగా పరీక్షింపవలెను. చిన్న ముక్కను ఎర్రగా, అయస్కాంతము అంటనంత వరకు కాల్చి, వెంటనే నూనెలో ముంచవలెను. నూనె అంటుకొనవచ్చును గావున ఇనుప పాత్రనే వాడి, మూత దగ్గర నుంచుకొనవలెను. చల్లారిన ముక్కపై ఆకురాయి జారినచో ఆ ఉక్కు గట్టిపడినది; సులభముగా కొరికినచో అది కత్తికి పనికిరాదు.

గట్టిపడిన కత్తిని అట్లే వాడరాదు. అది పెళుసుగా నుండును. పైభాగమును తెల్లగా రుద్ది, మరల సన్నని సెగపై కాచవలెను. సుమారు 230 సెంటీగ్రేడు డిగ్రీలకు వచ్చు ఎండుగడ్డి రంగు కూరల కత్తికి చాలును. గొడ్డలికి 280 డిగ్రీలకు వచ్చు ఊదారంగు వరకు కాచవలెను.

రెండు జాగ్రత్తలు మరువరాదు. పాత కమాను పట్టీలలో కంటికానని పగుళ్లుండవచ్చును. సాగగొట్టుచున్నపుడు పగులు తోచిన ముక్కను విడువవలెను. జింకు పూత గల ఇనుమును కొలిమిలో పెట్టరాదు. దాని పొగ హానికరము.

కత్తి చేయించుకొను రైతు వెలతోపాటు ఉక్కు సంగతియు అడుగవలెను. ముక్కను పరీక్షించుటకు పట్టునది కొద్దిసేపే. మంచి కత్తి పెక్కు కోతలకు అక్కరకు వచ్చును.