వాతావరణ వార్తకు ఖర్చు ఎవరిది?

తుపాను తీరం దాటిన నాడు విలేకరులందరూ అక్కడికి చేరుకుంటారు. కాని వానలు అదను తప్పి, భూగర్భ జలాలు అడుగంటి, ఒక పల్లె బతుకుతెరువు రెండు మూడు దశాబ్దాలలో మెల్లగా మారిపోతే, ఆ సంగతి ఒక్కరోజు వార్తలో ఇమడదు. దానిని గ్రహించాలంటే పాత్రికేయుడు ఆ ఊరికి పలుమార్లు వెళ్లాలి. పెద్దల జ్ఞాపకాలను వర్షపాతం లెక్కలతో సరిచూడాలి. ఇందుకు వ్యవధి కావాలి, ధనమూ కావాలి. వర్ధమాన దేశాలలోని అనేక పత్రికలకు, ముఖ్యంగా చిన్న పత్రికలకు, అంతటి స్తోమత లేదు.

ఈ లోటు తీరితే ఎంతటి ప్రయోజనం కలుగుతుందో తెలుసుకోవడానికి మనం దూరం వెళ్లనక్కరలేదు. ప్రముఖ పాత్రికేయులు పి. సాయినాథ్ 1993లో లభించిన ఒక ఫెలోషిప్ ఆధారంతో దేశంలోని అతి పేద జిల్లాలలో పర్యటించి వార్తా కథనాలు రాశారు. 1996లో అవి గ్రంథరూపం దాల్చాయి. ఆయన 2014లో ప్రారంభించిన ‘పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా’, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహకారంతో, వాతావరణ మార్పుపై 2019లో ఒక కథనమాలను చేపట్టింది. అరుణాచల్ ప్రదేశ్‌లోని జడలబర్రెల కాపరులు, తమిళనాడు తీరంలో సముద్రపు నాచు సేకరించే స్త్రీలు అందులో తమ అనుభవాలను వివరించారు. అనంతపురం జిల్లా దర్గా హొన్నూరులో పొలాలను ఇసుక కమ్ముకుంటున్న వైనమూ అందులో వెలువడింది. ఆ కథనం నేరమంతా ఆకాశంపై నెట్టలేదు. చెట్ల నరికివేత, చిరుధాన్యాలకు బదులు వేరుశనగ విస్తరించడం, లెక్కకు మించిన బోరుబావులు కూడా కారణాలని చూపింది. ఇటువంటి వివేచన రైతుకూ అధికారికీ కూడా అవసరమే.

అయితే, పరాయి ధనానికి భరోసా తక్కువ. ఇంటర్‌న్యూస్ సంస్థ 2004లో నెలకొల్పిన ‘ఎర్త్ జర్నలిజం నెట్‌వర్క్’ వర్ధమాన దేశాల విలేకరులకు శిక్షణను, గ్రాంట్లను అందించింది. 2025లో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేయగా, దానిపై అధికంగా ఆధారపడిన ఇంటర్‌న్యూస్ కార్యక్రమాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఎక్కడో తీసుకున్న నిర్ణయం వల్ల ఇక్కడి పల్లె వార్త ఆగిపోవచ్చునన్నమాట.

కనుక, ఆదరువు ఒక్కచోటనే ఉండరాదు. ధనమిచ్చినవారి పేరు పాఠకులకు తెలియాలి. ఇచ్చిన చేయి మాత్రం కలాన్ని నడపరాదు. అన్నింటికన్నా స్థిరమైన ఆదరువు పాఠకుని చందాయే. మనలో అనేకుల మూలాలు పల్లెలలోనే ఉన్నాయి. ఆ పల్లెల మాట పదిమందికీ వినిపించే పత్రికకు ఏటా కొంత సొమ్ము కేటాయించడం మన కుటుంబాలకు అలవిమాలిన భారం కాదు.