ఈ బూర ఏ ఊరిది?

పెళ్లి ఊరేగింపు వీధి మలుపు తిరగకముందే వినిపించేది ట్రంపెట్. డ్రమ్ముల మోతను చీల్చుకుంటూ పల్లవి అందుకునేది అదే. అలా రెండు మూడు తరాలు ఊదిన బూర ఏ బ్యాండు మాస్టారి ఇంటి అటక మీదో, ఏ పాతసామాన్ల కొట్టులోనో మూలపడి ఉంటుంది. నల్లబడి, సొట్టలు పడి, మీటలు బిగుసుకుపోయి! తూకానికేస్తే కిలో ఇత్తడి. కొలిమికి పంపేముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే మంచిది... ఇది ఎక్కడ పుట్టింది?

సాక్ష్యాలన్నీ దాని ఒంటి మీదే ఉంటాయి. కాకపోతే అందరూ ముందుగా చూసేదీ, అన్నిటికన్నా తక్కువ నమ్మాల్సిందీ ఒకటుంది. గరాటులా విచ్చుకున్న బెల్ మీద చెక్కిన పేరు!

మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద పేర్లు చూస్తుంటాం కదా. అవి కానుకిచ్చినవాళ్లవే తప్ప గిన్నె చేసినవాళ్లవి కావు. బూరల సంగతీ చాలాసార్లు అంతే. అమెరికా, ఐరోపాల్లో సంగీత పరికరాల దుకాణాలు ఫ్యాక్టరీల నుంచి బూరలు టోకున తెప్పించుకుని, వాటి మీద తమ పేర్లు చెక్కించుకునేవి. వీటిని ‘స్టెన్సిల్’ బాకాలంటారు. ఎల్కార్ట్ పట్టణంలోని కాన్ లాంటి పెద్ద కంపెనీలు కూడా ఇలా పరాయి పేర్లతో వాయిద్యాలు చేసిచ్చాయి. అందుకే ఎవరూ వినని పేరున్న బూర లోపల గట్టి పనితనం దాగి ఉండొచ్చు. గొప్ప పేరు చెక్కి ఉన్నదేమో ఉత్త నకలు కావచ్చు.

ఒకే ఊరు... నాలుగు జెండాలు

పేరులేని బూరలకు పుట్టిల్లులాంటి ఊరొకటుంది. బొహీమియా కొండల్లోని క్రాస్లిట్సే. జర్మన్ మాట్లాడేవాళ్లు దాన్నే గ్రాస్లిట్జ్ అనేవారు. ఇక్కడి నుంచి దేశదేశాలకూ ఇత్తడి వాయిద్యాలు వెళ్లేవి. ఊరు కదల్లేదుగానీ దేశాలు మారాయి. 1918 దాకా ఆస్ట్రియా-హంగరీ, ఆపైన చెకోస్లొవేకియా. 1938లో హిట్లర్ జర్మనీ ఆ ప్రాంతాన్ని కలిపేసుకుంది. 1945లో మళ్లీ చెకోస్లొవేకియా అయింది. 1993 నుంచి చెక్ రిపబ్లిక్. యుద్ధం ముగిశాక అక్కడి జర్మన్లను వెళ్లగొట్టారు. తరతరాలుగా బూరలు చేసిన కుటుంబాలు సరిహద్దు దాటి జర్మనీలో మళ్లీ కొలుములు పెట్టుకున్నాయి. ఊళ్లో మిగిలిన పని 1945లో ఏర్పడిన ‘అమాటి’ సహకార సంఘం చేతికొచ్చింది. కాబట్టి ‘చెకోస్లొవేకియా’ అని ముద్ర ఉన్న బూర 1918 కంటే ముందుది కాదు, 1992 తర్వాతదీ కాదు. ‘పశ్చిమ జర్మనీ’ అని ఉంటే 1949-90 మధ్యది. 1891 నుంచి అమెరికాలో దిగే సరుకు మీద తయారైన దేశం పేరు తప్పనిసరి అయింది. సుంకాల కోసం పెట్టిన ఆ నిబంధనే ఇప్పుడు పాత వాయిద్యాలకు జాతక చక్రమైంది!

చిరునామా కూడా అంతే. విన్సెంట్ బాక్ ఆస్ట్రియా నుంచి అమెరికా వెళ్లి ట్రంపెట్ల తయారీలో పేరు గడించాడు. ఆయన బూర మీద ‘న్యూయార్క్’ అని ఉంటే పాతది. ‘మౌంట్ వెర్నన్’ అయితే 1953 తర్వాతది. ‘ఎల్కార్ట్’ అయితే ఇంకా తర్వాతది. బూసీ, హాక్స్ అనే లండన్ కంపెనీలు రెండూ 1930లో ఒక్కటయ్యాయి. జంట పేరు కనిపిస్తే ఆ ఏడాదికి ఇవతలిదన్నమాట. మధ్య మీట గొట్టం మీద అంకె ఉందేమో కూడా చూడాలి. అది సీరియల్ నంబరు. బూసీ అండ్ హాక్స్ పాత రికార్డులు లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

మనదాకా వచ్చిన దారి

మన దేశానికి ఈ వాయిద్యాలు బ్రిటిష్ పటాలాల వెంట వచ్చాయి. సికింద్రాబాద్ లాంటి కంటోన్మెంట్లలో కవాతుకు మోగిన బ్యాండే తర్వాత పెళ్లి పందిళ్లకు చేరింది. బూర మీద చిన్న బాణం గుర్తు కనిపిస్తే అది ఒకప్పుడు బ్రిటిష్ సైన్యం సొత్తని అర్థం. మరో తమాషా ఏమిటంటే, కొన్ని పాత బూరలు హార్మోనియంతో ఎంతకీ కలవవు. రెండు మెట్ల మధ్య ఎక్కడో ఇరుక్కున్నట్టు పలుకుతాయి. పాడైపోయిందని పక్కన పడేస్తారు. నిజానికి బ్రిటిష్ సైనిక బ్యాండ్లు 1920ల చివరిదాకా ఇప్పటికన్నా దాదాపు అర సెమీటోన్ హెచ్చు శ్రుతిలో వాయించేవి. ఆ బూర తప్పు పలకడం లేదు, తన కాలం శ్రుతి పలుకుతోంది!

లండన్ సరుకు ఖరీదైనది కావడంతో ఇక్కడే తయారీ మొదలైంది. మీరట్‌లో 1885లో పుట్టిన నాదిర్ అలీ కంపెనీ, దాని చుట్టూ జాలీ కోఠీలో వెలసిన కార్ఖానాలు దేశమంతటి బ్యాండ్లకూ బూరలందించాయి. విదేశీ నమూనాలు చూసి చేసినవే అయినా వాటిని నకళ్లని తీసిపారేయడం అన్యాయం. మన ఊరేగింపుల్లో ఎండకూ వానకూ తట్టుకుని మోగినవి అవే కదా.

ఇక పనితనం. బెల్ మీద వేలు మెల్లగా జరిపితే, రేకును చుట్టి అతికిన గీత కొన్నిటిలో సన్నగా తెలుస్తుంది. మాటు వేసిన చోట్లు శుభ్రంగా ఉన్నాయా, ముద్దగా ఉన్నాయా చూడాలి. ముద్దగా ఉంటే తర్వాత ఎవరో బాగుచేసినట్టు. ఎడమచేత్తో పట్టుకునే చోట వెండిపూత అరిగి ఇత్తడి బయటపడితే సంతోషించాలి. ఎవరో ఏళ్ల తరబడి ఇష్టంగా వాయించారన్నమాట. గులాబీ రంగు మచ్చలుంటే మాత్రం దిగులే. ఇత్తడిలోని జింకు కరిగిపోయి లోహం లోపల్నుంచి గుల్లబారుతోందని గుర్తు.

ఇవన్నీ చూడకముందే చింతపండు, ముగ్గుపిండి పెట్టి తోమేవాళ్లున్నారు. బిందె తళతళలాడినట్టే బూరా మెరుస్తుంది. దాంతోపాటు పలుచని పూత, చెక్కిన అక్షరాలు, సైన్యం బాణం అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. బిగుసుకున్న పిస్టన్లను పట్టకారుతో లాగకుండా వాల్వ్ నూనె చుక్కలు వేసి ఓపిగ్గా వదులు చేయాలి. అవి కదిలాక మొదటి మీట నొక్కకుండా దాని పక్క గొట్టాన్ని కొంచెం బయటికి లాగి, నాలుగు క్షణాలాగి మీట నొక్కాలి. ‘టప్’మని చప్పుడొస్తే గాలి ఎక్కడా పోవట్లేదు, బూర ఇంకా మోగుతుంది.