మిద్దె దూలము ఏల వంగును?

కడప జిల్లాలో జమ్మలమడుగునకు పడమట, పెన్నానది ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పాఱుచోట గండికోట దుర్గము కలదు. ఆ గండి వలననే కోటకు ఆ పేరు వచ్చినది. దాని రాతిగోడలు ఎన్ని వానలకు తడిసినను, ఎన్ని వేసవులకు కాగినను వంగలేదు. కోటవాకిటి తలుపులు మాత్రము కొయ్యవి. వానికి తాపిన ఇనుప రేకులు, మేకులు శత్రువు నడ్డుటయే గాక పలకలను కదలనీయక పట్టియుంచును. ఏలయన, రాయివలె కొయ్య ఒక్క తీరున నుండదు.

ఆ సీమ పల్లెలలోని మట్టిమిద్దెలను చూచిన ఈ సంగతి తేటపడును. గోడలపై దూలములను, వానిపై దంతెలను పేర్చి, వాన నీరు దిగకుండ పైని చవుడుమట్టి పరతురు. మట్టి మందము 30 సెంటీమీటర్లైనచో చదరపు మీటరునకు సుమారు 450 కిలోల బరువగును. పాత మిద్దెలో తలయెత్తి చూచినచో దూలము నడుమ క్రిందికి వంగియుండుట తఱచు కానవచ్చును. ఏటేట క్రొత్త చవుడు చల్లుటచే కొంత బరువు పెరుగుట నిజమే. కాని బరువు పెరుగని దూలమును వంగుచునే యుండును. కారణమేమి?

కొయ్య సన్నని గొట్టములవంటి కణముల కూర్పు. ఆ కణముల గోడలు గాలిలోని తేమను పీల్చి ఉబ్బును. ఎండకు దానిని విడిచి ముడుగును. వానకాలమున తలుపు ద్వారబంధములో బిగిసికొనుట అందువలననే. ఇది కొయ్యకు మొదటి గుణము. ఎడతెగక బరువు మోయుచున్నచో ఏండ్ల తరబడి మెల్లమెల్లగా వంగుట రెండవ గుణము.

ఈ రెండును కలిసినపుడు ఫలితము వింతగా నుండును. ఆర్మ్‌స్ట్రాంగ్, కింగ్‌స్టన్ అను ఆస్ట్రేలియా పరిశోధకులు ఈ విషయమును 1960లో వెల్లడించిరి. బరువు మోయుచునే ఆరిన కొయ్య, అదే బరువు మోయుచు తేమ మారక యున్న కొయ్యకంటె ఎంతో అధికముగా వంగినది. కణముల గోడలలోని పోగులు ఒకదానినొకటి పట్టుకొనియుండును. నీరు లోనికి వచ్చునపుడును వెలికి పోవునపుడును ఆ పట్టులు విడి, మరల కుదురుచుండును. ఆ సమయమున పైని బరువున్నచో పోగులు కొంచెము జాఱి క్రొత్తచోట పట్టుకొనునని శాస్త్రజ్ఞులు వివరింతురు. కావున కొయ్యలో తేమ ఎంత యున్నదను దానితోపాటు, అది ఎన్నిమార్లు మాఱినదనునదియు ముఖ్యమే. వానకాలము, వేసవి ఒకదాని వెనుక నొకటి వచ్చుచు దూలమును ఇంచుకించుకగా క్రిందికి దించును.

వంపు ముదిరిన మిద్దెకు అపాయము కలదు. పల్లమైన నడుమ వాననీరు నిలుచును. తడిసిన మట్టి మఱింత బరువెక్కును. దూలము ఇంకను వంగును. ముసురు పట్టిన రాత్రి అది కూలినచో క్రింద నిద్రించువారి ప్రాణములకే ముప్పు.

అందుచే దూలమునకు పచ్చికొయ్యను వాడరాదు. బాగుగ ఆరిన చేవకొయ్యను ఎన్నవలెను. దూలమును వెడల్పు వైపున గాక ఎత్తు నిలుచునట్లు పెట్టవలెను. వెడల్పు అంతే యుండగా ఎత్తు రెట్టింపైనచో, అదే బరువునకు కలుగు వంపు ఎనిమిదవ వంతునకు తగ్గును. ముందే వంగిన దూలమునకు నడుమ గట్టి స్తంభమును ఊతగా నిలుపవలెను.

దూలము తఱచు విఱుగుటకు ముందు వంగి హెచ్చరించును. ఆ హెచ్చరికను కనిపెట్టి సకాలమున ఊత యిచ్చువారు ఇంటిని, ఇంటివారిని కాపాడుకొందురు.